నా నొప్పి మేపిన పొట్టేలు

పోయిన ఆదివారం వీడియో కాల్లో మీరిద్దరూ ఒకేసారి రెండు ప్రశ్నలు వేశారు. పెద్దది, "అమ్మమ్మా, నడుం నొప్పి తగ్గిందా?" అంది. చిన్నోడికి నా నడుంతో పనిలేదు. "అమ్మమ్మా, పొట్టేలేదీ? తాడొక్కటే కనపడుతోంది," అన్నాడు. నేను సిగ్నల్ లేనట్టు నటించి ఫోన్ పెట్టేశాను. మీ అత్త పక్కనే కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది మరి. తన గురించి చెప్పేటప్పుడు తను వింటుంటే నాకు మాట రుచిగా రాదు. అందుకని ఇలా రాస్తున్నాను. అక్కడ బిలాస్‌పూర్‌లో మీకు తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మ చేత చదివించుకోండి. మధ్యలో నవ్వు ఆపుకోలేక ఆగుతుంది. వదలకండి, మళ్ళీ మొదటినుంచి చదవమనండి.

మీ ప్రశ్నలు రెండైనా జవాబు ఒక్కటే. నా నొప్పికీ ఆ పొట్టేలుకీ దగ్గర చుట్టరికం.

ఆపరేషన్‌కి ముందు నేనెలా ఉన్నానో మీరు చూడలేదు. ఎడమకాలు నా మాట వినడం మానేసింది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా మీ మామయ్య భుజానికి వేలాడుతూ వెళ్ళేదాన్ని. నరసరావుపేటలో చూపిస్తే గుంటూరు పొమ్మన్నారు. గుంటూరు డాక్టరు ఫిల్ము లైటుకి పెట్టి చూసి, నడుం దగ్గర నరం నొక్కుకుపోయింది, కోసి స్క్రూలు వేయాలన్నాడు.

వీధి మొత్తం వద్దంది. మా వీధిలో డాక్టర్లు చాలామంది, చదివినవాళ్ళే లేరు. నడుం మీద కత్తి పెడితే ఇక మంచమే గతి అని ఒకరు, ఫలానా ఊళ్ళో ఫలానా ఆమె మళ్ళీ లేవలేదని ఇంకొకరు. మన ఎదురుగా బండ్లు రిపేరు చేసే షాపుంది చూడండి, ఆ మెకానిక్ వాళ్ళమ్మ, సాయిబులావిడ, నన్ను వదినా అంటుంది, నేనూ వదినా అంటాను. ఆమె అయితే వాకిట్లో నిలబడి సూటిగా నా కోడల్ని, అదే మీ అత్తని, అడిగింది:

"ఏమే, అత్తని సాధించాలంటే ఇంట్లోనే చానా దార్లున్నాయిగా. పనిగట్టుకోని గుంటూరు దాకా తీసకపోయి కోయించాల్నా?"

"పెద్దమ్మా, కోయిస్తే నడిచిద్ది. కోయించకపోతే మోయాల. మోసేది నువ్వా, నేనా?" అంది నా కోడలు.

మీ మామయ్య ఇద్దరికీ తల ఊపాడు. వాడికి బాగా వచ్చిన పని అదొక్కటే. ఆస్పత్రిలో సంతకం కూడా నా కోడలే పెట్టింది. అంతటితో ఊరుకుందా? వెళ్ళే ముందు ఆదివారం మందిరంలో లేచి నిలబడి, అందరూ వింటుండగా మొక్కుకుంది. అత్త తన కాళ్ళ మీద ఇంటికొచ్చి, నొప్పి పోయిందని తన నోటితో సాక్ష్యం చెబితే, కృతజ్ఞత కూటం పెట్టి, వేటగా పొట్టేల్ని కోసి, సంఘమంతటికీ భోజనం పెడతానని.

మీరు దూరంగా పెరుగుతున్నారు గనక చెబుతున్నాను. మన సంఘంలో జబ్బు పడి లేచినవాళ్ళు మైకు ముందు నిలబడి ఏం జరిగిందో చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. జబ్బు పోవాలని పెట్టేది ప్రార్థన కూటం, దానికి టీ, బిస్కెట్లు. పోయాక పెట్టేది కృతజ్ఞత కూటం, దానికి మాంసం పలావు. ఈ తేడా మా వీధిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నన్ను పట్టుకుని నిలబెట్టినప్పుడు ఎడమపాదానికి నేల చల్లగా తగిలింది. ఎన్నాళ్ళకో తగిలింది. నా కోడలు కారిడార్లోనే "స్తోత్రం!" అని కేకేస్తే నర్సు కసిరింది.

ఇంటికొచ్చాక బెల్టొకటి బిగించారు. నేల మీద కూచోకూడదు, బిందె ఎత్తకూడదు, మంచం మీంచి లేవాలంటే దుంగ దొర్లినట్టు మొత్తం మనిషి పక్కకి దొర్లి, చెయ్యి ఆనించి లేవాలి. అన్నిటికన్నా ముఖ్యం, వంగకూడదు. పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ బతుకంతా వంగినదాన్ని, ఇప్పుడు వంగొద్దని డాక్టరు ఆర్డరు! నాకది భలే నచ్చింది. వంగకూడదు గనక, కింద పడినవన్నీ ఎవరో ఒకరు తీసివ్వాలి. సరిగ్గా మీ అత్త సీరియల్ మొదలయ్యే వేళకి నా చేతిలో రిమోటు జారి మంచం కిందికి పోయేది. తను మోకాళ్ళ మీద కూచుని వెతికి తీసేసరికి అందులో సగం ఏడుపు అయిపోయేది. అయ్యో పాపం అనకండి. ఆ సీరియల్ మీరు చూడలేదు.

అసలు సంగతికొస్తాను. నడక వచ్చింది. నొప్పి పోలేదు.

కోసిన చోట కాదు, అది మానింది. ఎడమ పిరుదు దగ్గర మొదలై మడమ దాకా మంట. మిరపకాయలకి రోజంతా తొడిమలు తీస్తే చేతులు మండుతాయి. నీళ్ళు పోస్తే ఇంకా మండుతాయి, పోయకపోతే ఉండబట్టదు. ఆ మంటే, కాకపోతే కాలి లోపల. పొద్దున పూట సన్నగా ఉంటుంది. మధ్యాహ్నమయ్యేసరికి, మన బస్టాండులో మాచర్ల బస్సు ఆగి ఉంటుందే, డ్రైవరు ఇంజను ఆపడు, బండి కదలదు, అలా గుర్రుమంటూనే ఉంటుంది. డాక్టరుని అడిగితే, నరం చాలాకాలం నలిగింది కదమ్మా, మెల్లగా సర్దుకుంటుంది, కొంత ఉండిపోయినా ఉండిపోవచ్చు అన్నాడు. ఆ చివరి ముక్క విన్నది నేనొక్కదాన్నే. నా కోడలు అప్పుడు మందుల కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉంది. నేను చెప్పలేదు.

ఇంతలో మీ మామయ్య ఈపూరు నుంచి పొట్టేల్ని ఆటోలో వేసుకొచ్చి మునగచెట్టుకి కట్టాడు. సన్నగా, పొగరుగా, తననెవరికో అప్పగింతలు పెట్టినట్టు మొహం పెట్టుకుని ఉంది. వాకిట్లో ఇద్దరం కట్టేసినవాళ్ళమే. దానికి తాడు, నాకు బెల్టు.

ఆ రోజునుంచి గేటు దాటేవాళ్ళంతా ఆగి పలకరించడమే. "పెద్దమ్మా, సాక్ష్యం ఎప్పుడు?" అడిగేది నన్ను, చూసేది పొట్టేల్ని.

ఏం చెప్పను? పోయిందంటే మైకు ముందు అబద్ధం. పోలేదంటే నా కోడలి పరువు. వీధంతా వద్దంటుంటే ఒక్కతే నిలబడి కోయించింది. శుక్రవారాలు పస్తులుండి ప్రార్థన చేసింది. పోలేదని నేనన్నానంటే, "మేం చెప్పలా?" అనడానికి ప్రతి గుమ్మంలోనూ ఒక నోరు రెడీగా ఉంది. అందుకని నేను మూడో దారి పట్టాను. వాయిదా. ఒక వారం నాకు దగ్గు. ఒక వారం వాన పడేట్టుందన్నాను, మబ్బు ఒక్కటి లేదు. ఇంకో వారం, మన పాస్టరు అయ్యగారికి గొంతు బాగాలేదట అని నేనే మెల్లగా ఒక మాట వదిలాను. ఆ ఆదివారం ఆయన మామూలు కంటే రెట్టింపు సేపు ప్రసంగించి నా నోరు మూయించారు.

వాయిదా పడేకొద్దీ పొట్టేలు ఒళ్ళు చేసింది. కందిపొట్టు, సొరకాయ తొక్కలు, మునగాకు, మధ్యమధ్య నా పళ్ళెంలో మిగిలిన అన్నం. మధ్యాహ్నం మంట మొదలైందంటే కూచున్నా ఓర్చుకోలేను, పడుకున్నా ఓర్చుకోలేను. గేటు దాకా, గేటు నుంచి మునగచెట్టు దాకా నడిచేదాన్ని. చెట్టు దగ్గర ఆగి దానితో మాట్లాడేదాన్ని.

"ఒరేయ్, నాకు నొప్పి ఉన్నన్నాళ్ళే నీకు ఆయుష్షు. నా కోసం నువ్వు మాత్రం ప్రార్థన చెయ్యబాక," అనేదాన్ని.

అది నెమరేస్తూ నా మొహంలోకి చూసేది. నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు ఉన్నంతసేపు మంట ఒక అడుగు వెనకబడేది. బిళ్ళ కంటే అదే నయం, కాకపోతే బిళ్ళ కొమ్ములతో పొడవదు.

పొద్దున్నే బెల్టు బిగించేటప్పుడు నా కోడలు అడిగేది.

"అత్తా, నిజం చెప్పు. తగ్గిందా?"

"తగ్గుద్దిలే."

"తగ్గుద్దంటే తగ్గలేదనేగా?"

"తగ్గుద్దంటే తగ్గుద్దనే. లాగు, వదులైంది."

తను బెల్టు అంచు చర్రుమని పీకి మళ్ళీ అంటించేది. ఆ చప్పుడులో కోపముందో, దిగులుందో నాకు అంతుపట్టేది కాదు.

ఇలా ఇంకొంతకాలం నెట్టుకొచ్చేదాన్నే. పొట్టేలే చెడగొట్టింది.

ఒక మధ్యాహ్నం తాడు తెంపుకుని, గేటుని తలతో తోసుకుని వీధిలో పడింది. నా కోడలు డాబా మీద మిరపకాయలు ఎండబోస్తోంది. "ఏమే, పొట్టేలు పోయింది!" అని అరిచాను. నా గొంతు సంగతి మీకు తెలుసుగా, పక్క గదిలోకే వినపడదు. చెప్పులు తొడుక్కుని, కర్ర పుచ్చుకుని నేనే బయల్దేరాను. కూరగాయల బండి దగ్గర ఆగి కొత్తిమీర కట్ట లాగింది. నేను దగ్గరికి వెళ్ళేసరికి కట్టతో సహా కదిలింది. ఇంకాస్త దూరం పోయి ఆగి, వస్తున్నానా లేదా అని వెనక్కి చూసింది. అలా అలా వీధి చివర టీకొట్టు దాకా నడిపించింది. అక్కడ టీ తాగుతున్న మెకానిక్, ఎదురింటి వదిన కొడుకు, గ్లాసు పక్కన పెట్టి దాని కొమ్ములు పట్టుకున్నాడు.

ఊపిరి తీసుకుని వెనక్కి తిరిగాను. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. పొట్టేల్ని ఎవరూ చూడట్లేదు.

"చూడండే! పెద్దమ్మ పరిగెత్తింది!"

"పరిగెత్తలేదే తల్లీ, నడిచా."

"నడుం నొప్పోళ్ళు అట్టా నడుస్తారా ఏంది? పోయింది! స్తోత్రం!"

ఎదురింటి వదిన తన గుమ్మంలోంచి అంది: "నీ నడుం సంగతేమో గానీ వదినా, దాని నడుం చూడు ఎట్టా బలిసిందో. ఇంకా ఆపావంటే ముదిరిపోద్ది."

పొద్దుగూకేలోపు సంఘపెద్ద వచ్చి శనివారం కూటమని ఖాయం చేసి వెళ్ళాడు. నన్నెవరూ అడగలేదు. అడిగే పనేముంది, నా సాక్ష్యం వీధే చెప్పేసింది. మర్నాడు నాకు దుంగలాగా దొర్లడం కూడా చేతకాలేదు. జలుబని చెప్పి దుప్పటి కప్పుకున్నాను. మొహం మీదికి దుప్పటి లాక్కుంటే ఎవరికైనా జలుబులాగే ఉంటుంది.

శనివారం తెల్లారగానే ఎదురింటి వదిన కొడుకే వచ్చి బిస్మిల్లా చెప్పి కోశాడు. మన ఇంట్లో వేట పడితే వాళ్ళే కోస్తారు, వాళ్ళూ తినాలి కదా. నేను వాకిట్లోకి వెళ్ళలేదు. ఏడవలేదు కూడా. ఊరికే, ఆ పూట మునగచెట్టు వైపు చూడబుద్ధి కాలేదు.

షామియానా వేశారు. చాపలు పరిచారు, నాకొక కుర్చీ. ఇంటి ముందు కరెంటు స్తంభానికి మైకు హారను కట్టారు, మూతి వీధి వైపు పెట్టి. గోడ పక్కన పొయ్యి మీద పలావు డేగిసా. నేను చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాను: "దేవునికి స్తోత్రం, నొప్పి పోయింది, అందరికీ వందనాలు." అంతే, కూచోవడమే. శుక్రవారం సాయంత్రం పొట్టేలు ముందు చెప్పి చూసుకున్నాను కూడా. అది అడ్డు చెప్పలేదు.

పాటలయ్యాయి. అయ్యగారు నన్ను పిలిచారు. నా గొంతు చిన్నదని మైకు కుర్రాడికి ఎవరో చెప్పినట్టున్నారు, సౌండు మొత్తం పెంచేశాడు. నేను నిలబడగానే, దానికి తెలిసినట్టే, మాచర్ల బస్సు ఇంజను స్టార్టయింది. తుంటి నుంచి మడమ దాకా.

ఎదురుగా చాప మీద నా కోడలు, పట్టుచీర కట్టుకుని కూచుని ఉంది. అందరూ నా మొహం చూస్తున్నారు. తను నా ఎడమపాదం చూస్తోంది. మంట ఎక్కువైతే నా బొటనవేలు లోపలికి ముడుచుకుంటుంది. అది నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ప్రార్థన కదా, కాళ్ళకి చెప్పులు కూడా లేవు దాచుకోడానికి. తను తలెత్తి నా కళ్ళలోకి చూసింది. తల అడ్డంగా ఊపింది, చాలా కొంచెంగా.

"దేవునికి స్తోత్రం," అన్నాను. "నొప్పి పోలా."

హారను ఆ మాటని పట్టుకెళ్ళి టీకొట్టు దాకా వినిపించి వచ్చింది. డేగిసా దగ్గర గరిటె ఆగింది. వెనక వరసలోంచి ఒక గొంతు, "మేం చెప్పలా, నడుం కోయించొద్దని," అంది. నా కోడలు తల దించుకుంది.

"ఎవరది?" అన్నాను. "ముందుకొచ్చి మైకులో చెప్పు. నాకు ఆపరేషన్ నడుంకే అయింది, చెవులు బాగానే ఉన్నయి."

ఎవరూ రాలేదు.

"కోయించకముందు బాత్రూంకి పోవాలంటే నా కొడుకు మొయ్యాల. మొన్న పొట్టేలెనక టీకొట్టు దాకా పోయా, మీరందరూ చూశారుగా. నొప్పి ఉంది. అదీ నాతో పాటే వచ్చింది టీకొట్టు దాకా. అయినా పోయినదాన్ని పోయా, వచ్చినదాన్ని వచ్చా. మీరందరూ వద్దంటే నా కోడలు ఒక్కతే నిలబడి నన్ను నిలబెట్టింది. తను కోయించకపోతే నేను మంచంలో ఉండేదాన్ని, పొట్టేలు ఈ పాటికి ఈపూర్లో ఉండేది, మీరు మీ ఇళ్ళల్లో పప్పన్నం తింటా ఉండేవోళ్ళు. ఇదే నా సాక్ష్యం. అందరికీ వందనాలు."

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. చాపల మీద నవ్వు పాకింది. సంఘపెద్ద మాత్రం నవ్వలేదు. ఆయన పద్ధతి మనిషి. లేచి చేతులు కట్టుకుని, "అయ్యగారూ, నొప్పి పోలేదంటున్నారు. అట్టయితే ఇది కృతజ్ఞత కూటం ఎట్టా అయిద్ది? ప్రార్థన కూటం అయిద్ది. ప్రార్థన కూటానికి..." అని ఆగాడు. టీ, బిస్కెట్లు అనే మాట ఆయన నోటి చివరే ఉంది. అందరి తలలూ డేగిసా వైపు తిరిగాయి.

అప్పుడు గేటు పక్కన కుర్చీలో కూచున్న ఎదురింటి వదిన లేచింది.

"అన్నా, మీ పద్ధతులు నాకు తెలవ్వు. ప్రార్థన రేపన్నా చేసుకోవచ్చు. పలావు చల్లారి మళ్ళీ వేడి చేశారంటే ముద్దయిపోద్ది. మనిషి మీ ముందు నిలబడి మాట్లాడతా ఉందిగా? ఇంకేం కావాలి మీకు?"

అయ్యగారు రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత ప్రార్థన చేశారు. ఆయన పరిచర్యలో అంత చిన్న ప్రార్థన అంతకుముందు లేదు, ఇకముందు ఉండదు. కృతజ్ఞత కూటమనే అన్నారు.

ముక్క మెత్తగా ఉడికింది. ఎందుకుడకదు, మేపింది నేను. మళ్ళీ వడ్డించుకున్నాను.

చోద్యం ఏంటంటే, తినడం అయ్యాక ఆడవాళ్ళు చెయ్యి కడుక్కుని ఒక్కొక్కరే నా కుర్చీ దగ్గరికొచ్చి వంగి గుసగుసలు మొదలుపెట్టారు. "పెద్దమ్మా, నాకూ మోకాలు పోలా. పోయిందని పోయినేడు సాక్ష్యం చెప్పేశా." ఇంకొకామె మెడ. ఇంకొకామె మైగ్రేను. అందరి పలావులూ నేను తిన్నవే! ఆఖరికి సంఘపెద్ద భార్య వచ్చి అటూ ఇటూ చూసి, "మా ఆయన పిక్కలు..." అని మొదలుపెట్టేలోపు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

చాపలు మడిచేసి అందరూ వెళ్ళాక నా కోడలు నా నడుంకి బెల్టు విప్పడానికి వచ్చింది. తిడుతుందని బిగుసుకుని కూచున్నాను.

"నీ బొటనేలు నాకు ఎప్పుడో చెప్పింది," అంది.

"మరి నాకెందుకు చెప్పలా?"

"నీ నోటితో నువ్వు చెప్తావని చూశా. పొట్టేలు బలుస్తా ఉందిగా, నాకేం తొందర?"

ఈ ఇంట్లో వేషాలు వేసేది నేనొక్కదాన్నే అనుకున్నాను. తను బెల్టు మడిచి పక్కన పెట్టింది.

"ఎవరన్నా ఆపరేషన్ సంగతి అడిగితే ఏం చెప్పాల నేను?"

"నడక వచ్చిద్ది, నొప్పి ఉంటది, పలావు బాగుంటదని చెప్పు."

తను నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, నేను చూడనట్టు ఊరుకున్నాను. తర్వాత టీవీ పెట్టి తన సీరియల్ వేసి, రిమోటు నా చేతికిచ్చింది. అలవాటు కదా, నా చేతిలో రిమోటు జారిపడింది. తను దాని వైపు చూసింది, నా వైపు చూసింది. కాలి మునివేళ్ళతో దాన్ని మెల్లగా మంచం కిందికి, ఇంకా లోపలికి, గోడ దాకా తోసేసి, నా పక్కనే వచ్చి కూచుంది.

వంగొద్దని డాక్టరు చెప్పాడు కదా. సీరియల్ చివరిదాకా చూశాను.